తాగుడు మాన్పించే ముందు: బెంగళూరులోని తెలుగు కుటుంబాలకు, స్నేహితులకు ఒక సమగ్ర మార్గదర్శి

మా బాబాయి కదిరి దగ్గర పల్లెలో చనిపోయినప్పుడు నాకు పదహారేళ్లు. ఆయన రోజూ రెండు క్వార్టర్లు తాగేవాడు. ఇంట్లోవాళ్లు "ఈసారి మాన్పించాల్సిందే" అని గదిలో పెట్టి బయట గడియ వేశారు. మొదటి రోజు చేతులు వణికాయి. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడ మీద లేని పురుగుల్ని ఏరుతూ, లేని మేకల్ని అదిలిస్తూ రాత్రంతా కేకలు పెట్టాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తుంటే ఆటోలోనే ప్రాణం పోయింది. తాగి తాగి పోయాడని ఊరంతా అనుకుంది. తాగుడు ఉన్నట్టుండి ఆపేయడం వల్ల కూడా మనిషి పోతాడని, దాన్ని ఆసుపత్రిలో సులువుగా ఆపవచ్చని నాకు తెలిసింది ఇంకో ఎనిమిదేళ్లకు, సోషల్ వర్క్ చదువుతున్నప్పుడు.

ఇప్పుడు నేను బెంగళూరులో కేఆర్ పురం వైపు ఒక చిన్న క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తున్నాను. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, మారతహళ్లి పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు, వాళ్ల భార్యలు, అక్కలు, రూమ్మేట్లు వస్తుంటారు. అందరూ దాదాపు ఒకే మాట అడుగుతారు: "మేడమ్, ఎలాగైనా మాన్పించండి." నేను మాత్రం ముందు లెక్క అడుగుతాను. ఎంత తాగుతున్నారో సరిగ్గా తెలిస్తేనే ఆ మనిషికి ఒక మంచి మాట చాలా, నాలుగు సార్లు కూర్చుని మాట్లాడాలా, ఈ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలా అన్నది తేలుతుంది. ఆ లెక్క మీరే ఎలా వేయాలో, వేశాక ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఇది డాక్టర్‌ని చూడటానికి బదులు కాదు. ఎప్పుడు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవడానికి.

మొదటి మెట్టు: ఎవరిని అడగాలి

రోడ్డు పక్కన పడిపోయినవాడే తాగుబోతు అన్న బొమ్మను ముందు మనసులోంచి తీసేయండి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్లలో 5.7 కోట్ల మంది తాగుడు వైద్యసాయం అవసరమయ్యేంత హాని చేసే స్థాయిలో ఉంది. మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక వైద్యం అందుతున్నది 38 మందిలో ఒక్కరికే. మిగతావాళ్లు ఎక్కడున్నారు? రోజూ డ్యూటీకి వెళ్తున్నారు. ఈఎంఐలు కడుతున్నారు. పిల్లల్ని బడిలో దించుతున్నారు.

అందుకే పెద్దవాళ్లందరినీ అడగడం మంచిదని నా అభిప్రాయం. ముఖ్యంగా బీపీ ఎంతకీ అదుపులోకి రానివాళ్లను, నిద్ర పట్టదని మాత్రలు అడిగేవాళ్లను, పొద్దున్నే వాంతులయ్యేవాళ్లను, తరచూ బండి మీద నుంచి పడి కుట్లు వేయించుకునేవాళ్లను, సోమవారం పనికి రానివాళ్లను. రక్తపరీక్షలో జీజీటీ, ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని లివర్ సంగతి చెప్పే కొలతలుంటాయి. జీజీటీ ఎక్కువగా ఉన్నా, ఏఎల్‌టీకి రెట్టింపు ఏఎస్‌టీ ఉన్నా డాక్టర్‌కు అనుమానం వస్తుంది. అయితే తాగుడు బాగా ముదిరినవాళ్లలో కూడా ఒక్కోసారి ఈ పరీక్షలు మామూలుగానే ఉంటాయి. రిపోర్టు బాగుందని ప్రశ్న మానేయకండి.

ఆడవాళ్లను కూడా అడగండి. మన ఇళ్లలో ఈ ప్రశ్న వాళ్ల దాకా వెళ్లదు కాబట్టే వాళ్లు చాలా ఆలస్యంగా వస్తారు. గర్భంతో ఉన్నప్పుడైతే ఇంత వరకు ఫరవాలేదు అనే కొలతే లేదు.

రెండో మెట్టు: మిల్లీలీటర్లను యూనిట్లలోకి మార్చడం

"ఎంత తాగుతారన్నా?" అంటే "ఏదో కొంచెం మేడమ్" అంటారు. అబద్ధమేమీ కాదు, కొంచెం అంటే ఎంతో ఎవరికీ కొలత లేదు. మనకు కావలసింది యూనిట్. ఒక యూనిట్ అంటే 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక యూనిట్. 90 మిల్లీలీటర్ల ప్యాకెట్ మూడు. 180 క్వార్టర్ ఆరు. హాఫ్ పన్నెండున్నర, ఫుల్ పాతిక.

బీరు దగ్గరే అందరూ పొరబడతారు. "మందు మానేశాను, బీరే తాగుతున్నా" అని గర్వంగా చెప్పేవాళ్లు నా దగ్గరికి నెలకు నలుగురైనా వస్తారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఉంటే అది నాలుగు యూనిట్లు. రెండు తాగితే ఎనిమిది, క్వార్టర్ కంటే ఎక్కువ. 5 శాతం ఉండే మామూలు బీరైతే సీసాకు రెండున్నర. సీసా మీద చిన్న అక్షరాల్లో శాతం రాసి ఉంటుంది. మిల్లీలీటర్లను ఆ శాతంతో గుణించి, 100తో భాగించి, మళ్లీ 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. దాన్ని 10తో భాగిస్తే యూనిట్లు.

నేను అడిగేటప్పుడు ఎక్కువ నుంచి మొదలుపెడతాను. "రోజుకు రెండు క్వార్టర్లు అవుతాయా?" అంటే "అంత లేదు మేడమ్, ఒకటిన్నర" అని నిజం బయటికొస్తుంది. "ఒక పెగ్గు వేస్తారా?" అంటే అవును అని అక్కడితో ఆపేస్తారు. ఇంకో సంగతి, నిన్నటి నుంచి వెనక్కి ఏడు రోజులు రోజువారీగా అడగండి. నిన్న, మొన్న, శనివారం బట్వాడా (వారం కూలి) వచ్చిన రోజు, ఆదివారం. మొత్తం వారం కళ్ల ముందుకొస్తుంది. అప్పటిదాకా అతను కూడా ఎప్పుడూ కూడుకుని ఉండడు.

మూడో మెట్టు: పది ప్రశ్నలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. మొత్తం 40 మార్కులు. గత ఏడాది గురించి అడగాలి. ఎవరూ లేనప్పుడు, తాగి లేనప్పుడు, గొడవ జరిగిన మర్నాడు కాకుండా అడగండి. "బీపీ, షుగర్ అడిగినట్టే ఇది కూడా అందరినీ అడుగుతాను" అని ముందే చెబితే సగం టెన్షన్ పోతుంది.

మొదటిది, ఎన్నాళ్లకోసారి తాగుతారు? అసలు తాగకపోతే 0, నెలకోసారో అంతకంటే తక్కువో అయితే 1, నెలకు 2–4 సార్లు 2, వారానికి 2–3 సార్లు 3, నాలుగు అంతకంటే ఎక్కువ సార్లు 4. రెండోది, తాగిన రోజు మామూలుగా ఎన్ని యూనిట్లు? 1–2 అయితే 0, 3–4కు 1, 5–6కు 2, 7–9కి 3, పదో అంతకంటే ఎక్కువో అయితే 4. మూడోది, ఒకే రోజు ఆరు యూనిట్లో అంతకంటే ఎక్కువో తాగడం ఎన్నాళ్లకోసారి? ఎప్పుడూ లేదు 0, నెలకోసారి కూడా కాదు 1, నెలకోసారి 2, వారానికోసారి 3, దాదాపు రోజూ 4.

నాలుగు నుంచి ఎనిమిది వరకు ఇదే కొలత. మొదలుపెట్టాక ఆపలేకపోయిన సందర్భాలు ఎన్నాళ్లకోసారి (నాలుగు), తాగుడు వల్ల చేయాల్సిన పని చేయలేకపోవడం (ఐదు), పొద్దున లేవగానే ఒకటి పడితేగానీ కుదురుకోకపోవడం (ఆరు), తాగాక తప్పు చేశానని బాధపడటం (ఏడు), రాత్రి ఏం జరిగిందో గుర్తులేకపోవడం (ఎనిమిది). తొమ్మిదోది, మీ తాగుడు వల్ల మీకో ఇంకొకరికో దెబ్బ తగిలిందా? పదోది, ఇంట్లోవాళ్లో స్నేహితుడో డాక్టరో తగ్గించమన్నారా? ఈ చివరి రెండిటికీ లేదంటే 0, ఈ ఏడాది కాదుగానీ అంతకుముందు జరిగిందంటే 2, ఈ ఏడాదే అంటే 4.

ఒక లెక్క చూడండి. ఒక మనిషి రోజూ ఒక్క క్వార్టరే తాగుతాడు, ఎవరితోనూ గొడవ పడడు, పనికి ఠంచనుగా వెళ్తాడు. మొదటి ప్రశ్నకు 4, రెండోదానికి 2, మూడోదానికి 4. మూడు ప్రశ్నలకే పది వచ్చాయి. వారమంతా ముట్టకుండా శనివారం మాత్రం మూడు స్ట్రాంగ్ బీర్లు తాగే పీజీ కుర్రాడికి 2, 4, 3 కలిపి తొమ్మిది. ఇద్దరూ 8 అనే గీత దాటేశారు. ఈ ఇద్దర్నీ మనం తాగుబోతులని అనం. వాళ్లూ అనుకోరు. సులువుగా మార్చగలిగింది కూడా వాళ్లనే, అందుకే ఈ లెక్క మీద నాకు ఇంత పట్టుదల.

పది అడిగే సమయం లేకపోతే మొదటి మూడే అడగండి. మగవాళ్లకు 4, ఆడవాళ్లకు 3 వస్తే మిగతా ఏడూ అడగాలి. పాతకాలపు కేజ్ అనే నాలుగు ప్రశ్నల పద్ధతి కూడా ఉంది. తగ్గించాలనుకున్నారా, ఎవరైనా విమర్శిస్తే చిరాకు వచ్చిందా, తప్పు చేశానన్న బాధ ఉందా, పొద్దున్నే తాగుతారా అన్నవి అందులో ఉంటాయి. రెండిటికి అవునంటే జాగ్రత్తపడాలి. కానీ అది బాగా ముదిరినవాళ్లనే పట్టుకుంటుంది, శనివారం కుర్రాణ్ణి వదిలేస్తుంది. నేను ఆడిట్‌నే వాడతాను.

నాలుగో మెట్టు: మార్కుల్ని బట్టి దారి

7 దాకా వస్తే ఉన్న విషయం చెప్పి వదిలేయండి. 8 నుంచి 15 అయితే ఇంకా బానిస కాలేదు, కానీ హాని వైపు నడుస్తున్నాడు. సూటిగా ఒక సలహా చాలాసార్లు పనిచేస్తుంది. 16–19 అయితే సలహాతో పాటు కొన్నిసార్లు కూర్చుని మాట్లాడటం, మళ్లీ మళ్లీ చూడటం కావాలి. 20 కానీ అంతకంటే ఎక్కువ కానీ వస్తే స్పెషలిస్ట్ దగ్గరికి పంపాలి, మీ మాటలతో ఆపకండి.

మార్కులు ఎంతైనా సరే, ఆరో ప్రశ్నకు అవునన్న మనిషిని, అంటే పొద్దున్నే వణుకు ఆగడానికి తాగే మనిషిని నేను నేరుగా డాక్టర్ దగ్గరికే పంపుతాను. బతకాలని లేదని అన్నవాళ్లను కూడా అంతే, ఆ మాట తాగి అన్నా సరే.

ఐదో మెట్టు: పది నిమిషాల మాట

పెనుకొండ నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ మేస్త్రీతో జరిగిన సంభాషణ ఇది. వివరాలు మార్చాను. వారానికి నాలుగు రోజులు క్వార్టర్ వేస్తాడు, మిగతా రోజులు ముట్టడు. పొద్దున వణుకు లేదు, ఎప్పుడూ ఫిట్స్ రాలేదు. ఆడిట్ 17.

"మీ లెక్క 17 వచ్చిందన్నా. 8 దాటితే ఒంటికీ ఇంటికీ దెబ్బ అంటారు. మీది దానికి రెట్టింపు దాటింది."

"సైట్లో అందరూ తాగేదే కదా మేడమ్."

"అందరి లెక్కా నాకు తెలీదన్నా. మీ లివర్ రిపోర్టు మాత్రం మన ముందుంది. ఇది మామూలుగా ఉండాల్సినదానికి మూడింతలు ఉంది. మీరేమనుకుంటున్నారు?"

కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని పాడుచేయకూడదని నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

"తగ్గించాలనే ఉంది."

"మానడం, మానకపోవడం మీ చేతిలో ఉంది. నన్ను అడిగితే మాత్రం, లివర్ కుదురుకునేదాకా పూర్తిగా ఆపేయమనే చెబుతాను. ఆపాలని మీకెంత గట్టిగా ఉంది? పదికి ఎంత వేస్తారు?"

"నాలుగు."

"ఒకటో రెండో కాకుండా నాలుగెందుకన్నారు?"

"పాప మేడమ్. ఫీజు కట్టలేదని క్లాసు బయట నిలబెట్టినారంట. ఆ డబ్బు నేను తాగేసినా."

"ఆ నాలుగు ఆరు కావాలంటే ఏం జరగాలి?"

"శనివారం బట్వాడా నా చేతికి రాకూడదు. ఆమె ఫోన్‌పేకి పోవాల."

ఉపాయం అతనే చెప్పాడు. నేను చెప్పి ఉంటే తల ఊపి వెళ్లిపోయేవాడు. "తొమ్మిది ఎందుకు కాదు" అని అడగకుండా "నాలుగెందుకు" అని అడగడంలోనే ఉంది కిటుకు. పదికి నాలుగే ఎందుకు, తొమ్మిది ఎందుకు కాదు అని అడిగితే మానలేకపోవడానికి కారణాలు చెప్పడం మొదలుపెడతాడు. నాలుగైనా ఎందుకు అంటే మానడానికి కారణాలు తన నోటితోనే చెబుతాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పిలిచే ఈ పద్ధతిని 1983లో విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ మొదటిసారి వివరించాడు.

ఇలాంటి సంభాషణలో ఆరు సంగతులు ఉండాలి. కౌన్సెలర్లు వాటిని ఫ్రేమ్స్ అంటారు. అతని లెక్క అతనికి చూపించడం, నిర్ణయం అతనిదేనని ఒప్పుకోవడం, స్పష్టంగా సలహా చెప్పడం, ఒకటికి నాలుగు దారులు ముందుంచడం, అతని కష్టం అర్థం చేసుకుంటూ వినడం, నువ్వు చేయగలవన్న ధైర్యం ఇవ్వడం. ఆఖరుదానికి మన దగ్గర ఒక గొప్ప ఆధారం ఉంది. "మాల వేశారా ఎప్పుడైనా?" అని అడుగుతాను. అయ్యప్ప మాల వేసినవాళ్లు 41 రోజులు చుక్క ముట్టరు. "ఆ 41 రోజులు సాయంత్రం ఆరింటికి ఏం చేసేవాళ్లు? తాగాలనిపిస్తే ఎలా దాటారు?" అంటే కళ్లలో వెలుగు వస్తుంది. చన్నీళ్ల స్నానం, భజన, కలిసి తినే భిక్ష, స్వామీ అని పిలిచే నలుగురు మనుషులు. తాగకుండా ఉండటానికి ఏమేం కావాలో ఆ జాబితాలోనే ఉంది. మాల తీశాక వాటిలో ఏది నిలబెట్టుకోగలరో మాట్లాడతాం.

ఇదంతా డిగ్రీ ఉన్నవాళ్లే చేయాలని లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 377 మంది మగవాళ్ల మీద జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆడిట్ 12 నుంచి 19 మధ్య ఉన్నవాళ్లతో శిక్షణ పొందిన మామూలు మనుషులు ఒకటి నుంచి నాలుగు సార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తర్వాత అంతకుముందు రెండు వారాలూ అసలు తాగనివాళ్లు ఆ జట్టులో 42 శాతం ఉంటే, మామూలు సలహా పొందిన జట్టులో 18 శాతమే ఉన్నారు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఒట్లు వేయించుకోకండి. పిల్లల తల మీద చెయ్యి పెట్టించి వేయించిన ఒట్టు తప్పిన మనిషి ఆ అపరాధభావంతో మళ్లీ సీసా దగ్గరికే వెళ్తాడు. "నువ్వు తాగుబోతువి" అనేబదులు "నిన్న రాత్రి నువ్వు వచ్చేసరికి చిన్నోడు భయపడి మంచం కిందికి దూరాడు" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఇవేవీ కాదు, ముందు మీరూ పిల్లలూ అక్కడి నుంచి బయటపడండి. 112 కానీ, మహిళల హెల్ప్‌లైన్ 181 కానీ చేయండి. అతని జబ్బు అర్థం చేసుకోవడానికి మీరు దెబ్బలు తినక్కర్లేదు.

ఆరో మెట్టు: ఎవరు ఇంట్లో ఆపకూడదు

రోజూ ఎక్కువ తాగే మనిషి మెదడు ఆ మద్యానికి ఎదురుగా బలంగా తోసుకుంటూ పనిచేయడానికి అలవాటుపడుతుంది. మద్యం ఉన్నట్టుండి తీసేస్తే ఆ తోపుడుకు అడ్డు పోతుంది. ఆపిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, బీపీ పెరుగుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మా బాబాయికి వచ్చింది ఇదే. గాలీ కాదు, దెయ్యమూ కాదు. వైద్యం అందకపోతే ప్రాణం తీస్తుంది, అందితే ఎక్కువ మంది బతికి బయటపడతారు.

అందుకని ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, పొద్దున్నే తాగితేగానీ వణుకు ఆగనివాళ్లు, కామెర్లు లేదా పొట్టలో నీరు ఉన్నవాళ్లు, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు, నిద్రమాత్రలు కూడా వాడేవాళ్లు, పీజీలోనో షెడ్డులోనో చూసేవాళ్లు లేక ఒంటరిగా ఉండేవాళ్లు ఇంట్లో ఆపకూడదు. ఆసుపత్రిలోనే ఆపాలి. చేరేలోపు ఉన్నట్టుండి సున్నాకి తేవద్దు. సీసా లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వేయడం వద్దు. మాల వేసే కాలంలో, అంటే కార్తీకంలో ఈ ప్రమాదం ఎక్కువ. రోజూ తాగే మనిషి దీక్ష తీసుకుంటానంటే వారం పది రోజుల ముందే డాక్టర్‌కు చూపించండి.

ఆసుపత్రిలో డయజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగా పాడైతే వాటి బదులు లొరాజెపామ్ ఇస్తారు. ఇవి మెడికల్ షాపులో అడిగి తెచ్చి మీరే వేయకండి. మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇంకొకటి, బాగా నీరసపడ్డాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ పెట్టించడం మనవాళ్ల అలవాటు. ఎక్కువ తాగి, తిండి మానేసిన మనిషి ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్ అడుగంటి ఉంటుంది. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం తాగకపోయినా కనిపిస్తే ఆ లక్షణాలే. వెంటనే తీసుకెళ్లండి. "థయామిన్ ఇచ్చారా?" అని అడగడానికి మొహమాటపడకండి.

ఫిట్స్, మతి తప్పడం, రక్తపు వాంతులు, లేపినా లేవకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో తాళాలు పెట్టడం, నీళ్లు పోయడం వద్దు.

ఏడో మెట్టు: బెంగళూరులో ఎక్కడికి

హోసూర్ రోడ్డు మీద మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. అక్కడ తాగుడు, మత్తు అలవాట్ల కోసమే సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ అనే ప్రత్యేక విభాగం నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఖర్చు భరించలేని స్థాయిలో ఉండదు. పొద్దున్నే వెళ్లండి, రద్దీ ఉంటుంది. పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, ఆధార్ కార్డు, ఆడిట్ మార్కులు రాసిన కాగితం పట్టుకెళ్లండి. ఇంట్లోవాళ్లు ఒకరు తోడుంటే మంచిది. తెలుగు అర్థమయ్యేవాళ్లు ఏదో ఒక గదిలో దొరుకుతారు. కన్నడ రాదని భయపడి ఆగిపోవద్దు. విక్టోరియా, బౌరింగ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగంలో చూపించుకోవచ్చు.

వెళ్లడానికి ధైర్యం చాలకపోతే ముందు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు అలవాట్ల కోసం 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ వేరే ఉంది.

ప్రైవేటు రీహాబ్‌లో, అంటే తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్చేముందు జాగ్రత్త. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. అంటే ఆ కేంద్రానికి ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. గొలుసులతో కట్టడం నేరం. మనిషి ఇష్టం లేకుండా చేర్చడానికి కూడా చట్టంలో షరతులున్నాయి, వ్యాను పంపి ఎత్తుకుపోవడం కుదరదు. సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఇంట్లోవాళ్లు ఎప్పుడు కలవచ్చు, ఫోన్ మాట్లాడనిస్తారా అని అడగండి. "మూడు నెలలు మీరు రాకూడదు, మాకు వదిలేయండి" అంటే అక్కడ చేర్చకండి. అలాంటి చోటు నుంచి వీపు నిండా వాతలతో వచ్చిన కుర్రాణ్ణి నేను చూశాను. వాళ్లమ్మ బంగారం తాకట్టు పెట్టి ఫీజు కట్టింది.

ఎనిమిదో మెట్టు: ఆపాక నిలబెట్టే మాత్రలు

డీటాక్స్, అంటే ఆసుపత్రిలో మందులిచ్చి తాగుడు ఆపించడం అయిపోగానే జబ్బు నయమైందనుకుంటారు. అది మొదటి వారం పని మాత్రమే. తర్వాత నెలల తరబడి తోడు కావాలి. మాత్రలు ఆ తోడులో ఒక భాగం. నాల్ట్రెక్సోన్ రోజుకు ఒక మాత్ర, 50 మిల్లీగ్రాములు. తాగితే వచ్చే హుషారును, ఇంకా కావాలనే తహతహను తగ్గిస్తుంది. ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇవ్వరు. అకాంప్రోసేట్ రోజుకు మూడు పూటలా వేసుకోవాలి, లివర్ పాడైనవాళ్లకు ఇదే మెరుగు, కిడ్నీ జబ్బు ఉంటే చూసుకోవాలి. లివర్ బాగా చెడినవాళ్లకు బాక్లోఫెన్ ఇవ్వడం కూడా ఉంది. ఏది ఎవరికన్నది డాక్టర్ నిర్ణయం.

డైసల్ఫిరామ్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. అన్నీ తెలిసి, ఒప్పుకుని, భార్య చేతుల మీదుగా రోజూ వేసుకునే మనిషికి అది మంచి కంచె. కానీ "తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం" అనే ప్రకటనలు గోడల మీద చూస్తుంటాం కదా, ఆ పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఇదే మాత్రను నూరి సాంబార్లో కలిపే ఇల్లాళ్లను కూడా చూశాను. వాళ్ల కడుపుకోత నాకు తెలుసు. అయినా దయచేసి ఆ పని చేయకండి. తెలియక తాగి గుండె ఆగి చనిపోవచ్చు. బతికినా, ఆ ఇంటి అన్నం మీద అతనికి మళ్లీ నమ్మకం కలగదు.

తొమ్మిదో మెట్టు: మళ్లీ తాగిన రోజు

ఎక్కువ మంది మళ్లీ తాగుతారు. బీపీ మాత్ర ఆపేస్తే బీపీ పెరిగినట్టే ఇది కూడా. ఎప్పుడు తాగే ప్రమాదం ఉందో ముందే రాసుకోవాలి. మా వాళ్ల జాబితాలో ఎప్పుడూ ఉండేవి బట్వాడా రోజు, సంక్రాంతికి ఊరెళ్లిన మొదటి రాత్రి, జాతర, మాల తీసిన మర్నాడు, ప్రాజెక్ట్ రిలీజ్ అయిన శుక్రవారం, భార్యాబిడ్డలు పుట్టింటికి వెళ్లిన వారం. ఒక్కోదానికీ ఒక్కో జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. ఊరెళ్లినప్పుడు బావమరిది గ్లాసు చేతిలో పెడితే "లివర్‌కి మందులు వాడుతున్నా బావా, డాక్టర్ వద్దన్నాడు" అనే ఒక్క వాక్యాన్ని నా ముందు నాలుగు సార్లు గట్టిగా అనిపిస్తాను. సిగ్గుపడతారు, నవ్వుతారు, కానీ ఆ రోజున అదే నోటికొస్తుంది.

తాగాలనే తహతహ కెరటం లాంటిది. పెరుగుతుంది, ఇరవై ముప్పై నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ అరగంట కడుపు నిండా తినడం, స్నానం చేయడం, ఎవరికైనా ఫోన్ చేయడం, బార్ లేని దారిలో ఇంటికి నడవడం. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే తహతహ ఎక్కువ. బెంగళూరు వచ్చిన మనవాళ్లకు మూడోది ప్రధాన శత్రువు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు నగరంలో చాలా చోట్ల జరుగుతాయి, డబ్బు అడగరు, పేరు అడగరు. కుటుంబాల కోసం అల్-అనాన్ వేరే ఉంది. ఒకటి నచ్చకపోతే ఇంకో చోట వెళ్లి చూడండి.

తాగి వచ్చిన రాత్రి ఏమీ మాట్లాడకండి. మర్నాడు తెలివిగా ఉన్నప్పుడు "ఎన్ని రోజులు ఆగగలిగావు? నిన్న ఏం జరిగింది?" అని అడగండి. ముందు ఆ రోజుల లెక్క, తర్వాతే నిన్నటి సంగతి. ఒక్కసారి తాగింది వారమంతా తాగడంగా మారకముందే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మళ్లీ రోజువారీ తాగుడులోకి జారిపోయి ఉంటే, ఆపేటప్పుడు ఆరో మెట్టులోని జాగ్రత్తలన్నీ మళ్లీ వర్తిస్తాయి. విత్‌డ్రాయల్, అంటే ఆపినప్పుడు వచ్చే ఆ వణుకు, ఫిట్స్ లాంటివి ప్రతిసారీ ముందుకంటే గట్టిగా రావచ్చు.

మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి కలవడం నా పద్ధతి. మూడు నెలలకు అవే పది ప్రశ్నలు మళ్లీ అడుగుతాను, ఈసారి ఏడాది గురించి కాకుండా ఈ మూడు నెలల గురించి. మొదటిసారి రాసిన కాగితం పారేయకుండా దాచి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. పెనుకొండ మేస్త్రీకి రెండోసారి 6 వచ్చింది. కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇంటికి తీస్కపోతా మేడమ్, ఆమెకు చూపిస్తా" అన్నాడు. తర్వాతి అపాయింట్‌మెంట్ నెల తర్వాతకు రాశాను.